వాని పాణం యాడున్నది?
మాయకథల సంబురం మీద కొన్ని మాటలు

మాయలు, మంత్రాలు, తెగని రహస్యం, నిదానంగా కాగే ప్రేమ. వీటితో రాత్రుల తరబడి, వారాల తరబడి సాగే కథలంటే మాకు ఇష్టం. ఈ ఒక్క మాట బయటికి చెప్పడానికి మాకు చాన ఏండ్లు పట్టింది. మా ఇంట్ల విశ్వవిద్యాలయం గడప తొక్కింది మొదట మేమే. అక్కడ మేం నేర్చుకున్న తొలి పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. చదివిన వాటిలో చెప్పుకోవాల్సినవి కొన్ని ఉంటయి, దాచుకోవాల్సినవి కొన్ని ఉంటయి. బాలనాగమ్మ కథ, చందమామ సీరియళ్ళు, తులసిదళం, ఇవన్నీ దాచుకోవాల్సిన మూటలో పోయినయి.

పరిశోధనకు అంశం వెతుక్కునే రోజుల్లో ఒక పెద్దమనిషి మాకు సలహా చెప్పిండు. "ఈ మాయకథలు మీకెందుకయ్యా? మీ జీవితం రాయండి, మీ బాధ రాయండి, దానికే విలువ" అన్నడు. మంచి మనసుతోనే అన్నడు. కానీ ఆ మంచిమాట లోపల ఒక పంపకం ఉంది. ఊహ వాళ్ళ పాలు, బాధ మన పాలు. వాళ్ళు గుర్రమెక్కి ఏడు సముద్రాలు దాటితే అది కల్పనాశక్తి. మనం దాటితే మూఢనమ్మకం. ఈ పంపకాన్ని ఒప్పుకోవాలా, వద్దా అన్నదే ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న.

మొదలు మా సంబురం సంగతి చెప్పాలె.

మాది గద్వాల దిక్కు ఊరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇప్పుడు మూడు జిల్లాలు గానీ 2016 దాకా అన్నీ మహబూబ్‌నగర్ జిల్లానే, మా నోట్ల పాలమూరు. పంటలు ఇంటికొచ్చినంక మా గేరికి బుడగ జంగాలు వచ్చేటోళ్ళు. నడుమ కథకుడు, భుజాన తంబుర, వేళ్ళకు అందెలు. రెండు పక్కల ఆడోళ్ళు, చేతుల్ల డక్కీలు. ఒక లాంతరు, పరిచిన గోనెపట్టా, అంతే రంగస్థలం. ప్రభుత్వ లెక్కల్లో వాళ్ళూ షెడ్యూల్డు కులమే, మేమూ షెడ్యూల్డు కులమే. కథకు కూలి జొన్నలు, ఇన్ని వడ్లు, ఒక పాత చీర. కథ ఒక్క రాత్రిల ఒడువదు. ఫకీరు చెయ్యెత్తిండు, మంత్రించిన బూడిద చల్లబోతున్నడు అనేకాడికి తెచ్చి, కథకుడు తంబుర దించి "మిగిలింది రేపు" అనేటోడు. తెల్లారి కలుపు తీసేకాడ, నీళ్ళు తోడేకాడ అదే ముచ్చట. పత్రికలోళ్ళు "సశేషం" అని అచ్చువేసిన ఉపాయం మా గేరికి అచ్చు కంటే ముందే తెలుసు.

మేం విన్న బాలనాగమ్మ కథ టూకీగా ఇది. పానుగల్లు రాజ్యం కోడలు బాలనాగమ్మ. మాయల ఫకీరు ఆమె అందం గురించి విని జంగందేవర వేషంలో బిచ్చానికి వస్తడు. ఆమెను కుక్కను చేసి తన గుహకు తోలుకపోతడు. వెతకబోయిన మొగడు కార్యవర్ధి, వెంటబోయిన సైన్యం రాళ్ళయిపోతరు. ఆమె నోము పట్టిన అని ఫకీరుకు గడువు పెడుతది. కొందరు పన్నెండేండ్లంటరు, కొందరు పద్నాలుగంటరు. ఈలోగా ఉయ్యాలలో విడిచిపోయిన కొడుకు బాలవర్ధి పెరుగుతడు, తల్లి సంగతి తెలుసుకొని బయలెల్లుతడు, పూలమ్మే ముసలమ్మ ఇంట్ల తలదాచుకొని తల్లిని కలుస్తడు. ఫకీరు పాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంటది. చిలుకను తెచ్చి మెడ విరుస్తడు. రాళ్ళు మనుషులైతయి.

వనపర్తి దగ్గర పానగల్ ఖిల్లా ఉంది. బహమనీ సుల్తాను ఫిరోజ్‌షా పదిహేనో శతాబ్దం మొదట్లో ముట్టడించి గెలవలేకపోయిన కోట అది. నల్లగొండ వాళ్ళకూ ఒక పానగల్లు ఉంది. ఎవరి పానుగల్లు అసలుది అన్న తగువు మాకు వద్దు. బస్సు కిటికీల నుంచి ఆ గుట్టను చూసిన ప్రతిసారీ మాకు మాత్రం బాలనాగమ్మ అక్కడే ముగ్గేసినట్టు ఉండేది. కథలోని ఊరు మన బస్సు రూట్ల ఉండడం చిన్న సంబురం కాదు.

ఇంకొక ముచ్చట. ఫకీరు జంగం వేషంలో వచ్చే ఘట్టం కాడ మా గేరి పిల్లలం కథకుని దిక్కే చూసేటోళ్ళం. ఆయన కూడా జంగమే కదా. ఆయన నవ్వి, "వాడు దొంగ జంగం పిల్లా, నేను కాదు, నాకు జొన్నలు పెడితే సాలు" అనేటోడు. అందరూ నవ్వేటోళ్ళు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నవ్వు కింద ఉన్న భయం కనిపిస్తున్నది. ఊరూరు తిరిగి అడుక్కునే మనిషి మీద ఊరికి ఎప్పుడూ అనుమానమే. పిల్లలనెత్తుకపోతడని, మందు పెడ్తడని. ఆ అనుమానాన్ని కథకుడు తన నోటితోనే కథలకు తెచ్చి, నవ్వించి, సల్లార్చిపోతున్నడు. తన కులం మీది నిందను తానే చెప్పి, తానే విప్పుతున్నడు. ఇది మామూలు తెలివి కాదు.

ఇక రహస్యం సంగతి.

అచ్చులో వచ్చే రహస్య కథల మూలప్రశ్న ఒక్కటే. "ఎవరు చేసిండ్రు?" బాలనాగమ్మ కథలో ఈ ప్రశ్నే లేదు. ఎవరు చేసిండో మొదటి రాత్రే అందరికీ తెలుసు. ఫకీరు చేసిండు. తెలిసీ ఎవరేం చేయలేరు, ఎందుకంటే వానికి చావు లేదు. పోయినోడల్లా రాయైతున్నడు. కాబట్టి కథ అడిగే ప్రశ్న వేరు. "వాని పాణం యాడున్నది?" దౌర్జన్యం చేసేటోడు కండ్లముందరే ఉన్నడు. వాని బలం మాత్రం వాని ఒంట్ల లేదు, ఇంకెక్కడనో దాచిపెట్టి ఉంది. దాన్ని కనుక్కోవాలె. ఇది పోలీసు ప్రశ్న కాదు. ఏలబడే వాళ్ళ ప్రశ్న. దొర ఎవరో ఊరందరికీ తెలుసు. దొర బలం ఎక్కడుందో, భూమిలనా, పటేలు దస్తరంలనా, మన భయంలనా, అదే తెలుసుకోవాల్సింది.

ఈ ప్రశ్నకు జవాబు పట్టింది ఎవరు? కొడుకు కాదు. చిలుకను తెచ్చింది కొడుకే గానీ చిలుక సంగతి రాబట్టింది తల్లి. బందీగా ఉన్న ఆడమనిషే ఈ కథలో డిటెక్టివు. ఆమె చేతిలో ఆయుధం లేదు. ఉన్నది ఆలస్యం ఒక్కటే. నోము పేరు చెప్పి ఏండ్లు గడుపుతది. గడువు దగ్గరపడినంక మెత్తగా మాట్లాడి, ప్రేమ ఒలకబోసి, "నీకేమన్నా అయితే నా గతేంది, నీ పాణం పదిలమేనా?" అని అడుగుతది. ఫకీరు మురిసిపోయి చెప్పేస్తడు. మెల్లగా కాగే ప్రేమ అని మనం చప్పరించే దాన్ని ఆమె విచారణ చేయడానికి వాడుకుంది. ఆమె ప్రేమను నటిస్తున్నదని వినేటోళ్ళకు తెలుసు, ఫకీరుకు తెలియదు. ఆ తెలిసిన తనంలోనే మా గేరి ఆడోళ్ళకు అంత సంబురం. మా అవ్వ ఆ ఘట్టం కాడ పళ్ళు కనపడకుండా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. దొర పొలంల నాట్లేసే మనిషికి మెత్తగా మాట్లాడి తప్పించుకోవడం అంటే ఏందో ఒకరు చెప్పాల్నా?

కానీ కథలో నిజంగా కాగిన ప్రేమ ఒకటి ఉంది. దాన్ని కథకులూ, విమర్శకులూ, సినిమావాళ్ళూ పట్టించుకోలేదు. సంగు. ఫకీరు ఉంచుకున్న మనిషి. వానికి వండి పెట్టింది, వాని గుట్టు కాసింది, వాడు ఇంకొకామెను తెచ్చి ముందర పెట్టినా అక్కడే ఉంది. బాలనాగమ్మకు ఎదురుచూడడానికి ఒక మొగడు, ఒక కొడుకు, ఒక రాజ్యం ఉన్నయి. సంగుకు ఎవరూ లేరు. ఒకామెను పతివ్రతగా నిలబెట్టాలంటే ఇంకొకామెను ఉంపుడుకత్తెగా పడగొట్టాల్సిందే అన్నట్టు నడుస్తది కథ. దళిత స్త్రీల దిక్కు నుంచి చదివితే ఈ కథలో మనకు దగ్గరి మనిషి రాజుగారి కోడలా, సంగా? మన కథకుల కథ కాబట్టి ఇందులో తప్పులే లేవని మేం అనం. జంగాల మీది నిందను విప్పిన కథకుడే ఆడమనిషి మీది నిందను విప్పకుండా పోయిండు. ఫకీరు అన్న మాట కూడా అట్లాంటిదే. కొందరు మాయల మరాఠీ అంటరు, కొందరు మాయల ఫకీరు అంటరు. ఏ కాలంల ఎవరంటే భయమో వాళ్ళ పేరు ఆ వేషానికి తగిలింది. దర్గాలకు మొక్కే పాలమూరు పల్లెల్లో ఫకీరును దుష్టుణ్ణి చేసిన పేరును మనం కూడా ఆలోచించకుండా పలుకుతున్నం.

ఈ కథలు గేరిలో సాగుతున్న కాలంలోనే సంస్థానాల కోటల్లో ఇంకొక సాహిత్యం నడిచింది. గద్వాల సంస్థానాన్ని విద్వద్గద్వాల అని పొగిడిండ్రు. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వచ్చి అవధానాలు చేసి సన్మానాలు పొందిండ్రు. సాహిత్య చరిత్రలో వాటికి పేజీలున్నయి. ఆ కోటగోడ బయట వారం రాత్రులు కథ నడిపి జొన్నలు మూటగట్టుకపోయిన మనిషికి ఒక వాక్యం లేదు. వనపర్తి రాజు కోటలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ ఉంది. కథలో ఫకీరు గుహలకు పోవాలంటే పూలమ్మి మనుమడి వేషం కట్టాలె. మా గేరి పిల్లలు ఎంట్రన్స్ పరీక్ష రాసి పోయిండ్రు. అది ఫకీరు మాయ కాదు, రిజర్వేషను.

కథ మాత్రం వేరే దారిల పోయింది. 1942లో జెమిని వాళ్ళు సి. పుల్లయ్య దర్శకత్వంలో బాలనాగమ్మ సినిమా తీసిండ్రు. కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ, పుష్పవల్లి సంగు. 1959లో ఎన్.టి. రామారావు, అంజలీదేవి, ఎస్.వి. రంగారావులతో మళ్ళీ వచ్చింది. జనం విరగబడి చూసిండ్రు. కథ పెరిగింది, కథకుడు మాత్రం గోనెపట్టా మీదనే మిగిలిండు. ఇప్పటికీ అదే తీరు. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారిని చూడండి. డక్కలి కులపాయన, పన్నెండు మెట్ల కిన్నెర వాయించేటోడు. 2022లో పద్మశ్రీ ఇచ్చిండ్రు. భీమ్లా నాయక్ పాట మొదట్ల ఆయన గొంతు పెట్టుకున్నరు. సంతోషమే. కానీ రాత్రంతా సాగే కిన్నెర కథ నుంచి సినిమా తీసుకున్నది ఒక నిమిషం. మిగిలిన రాత్రి ఎవరికి కావాలె?

మా తరానికి వచ్చేసరికి రాత్రులు పోయి వారాలొచ్చినయి. వనపర్తి హాస్టల్లో ఉన్నప్పుడు మా చేతికి తులసిదళం వచ్చింది. యండమూరి వీరేంద్రనాథ్ నవల, 1980ల మొదట్ల ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మా చేతికి వచ్చేనాటికి అది అట్టలేని పుస్తకం, ఆఖరి పేజీలు కూడా లేవు. ఒకడు చదివితే పదిమంది ఇనేటోళ్ళం. చేతబడి ఘట్టం చదివిన రాత్రి ఒక్కడు కూడా బయటికి పోలేదు, మరుగుదొడ్లు బయట ఉండె మరి. చివర లేదు కాబట్టి ఎవని చివర వాడు చెప్పేటోడు. పాప బతికిందని ఒకడు, సచ్చిందని ఒకడు, మంత్రగాడు మంచోడైండని ఇంకొకడు. పరీక్షల కోసం కాకుండా మేం మా అంతట మేం చదివిన మొదటి పెద్ద పుస్తకం అది. మా చదివే వేగం, పొడుగు వాక్యాన్ని పట్టుకునే ఓపిక అక్కడే వచ్చినయి. దీన్ని దాచుకోవడం అబద్ధమాడినట్టే.

ఆ కాలపు అభ్యుదయ విమర్శకులు ఇటువంటి నవలలకు క్షుద్రసాహిత్యం అని పేరు పెట్టిండ్రు. క్షుద్రశక్తుల గురించిన సాహిత్యం అని ఒక అర్థం, నీచమైన సాహిత్యం అని ఇంకొక అర్థం. మూఢనమ్మకాలను పెంచుతున్నదని, వ్యాపారమని, పాఠకుణ్ణి మత్తులో ముంచుతున్నదని అన్నరు. ఈ మాటల్లో నిజం లేకపోలేదు. కానీ పాఠకుడు మోసపోతున్నడు అన్నవాళ్ళు ఆ పాఠకుడు ఎవరు అని అడగలేదు. ఏ గేరి నుంచి వచ్చిండు, ఇంట్ల అక్షరం ఉందా, ఆ పుస్తకం వదిలితే ఇంకేం పుస్తకం అతనికి అందుతది అని చూడలేదు. మత్తు అన్నరు గానీ ఆ మత్తుతోనే అతను చదవడం నేర్చుకున్నడని గుర్తించలేదు. వీళ్ళు తిట్టని తప్పు ఒకటి ఆ నవలలో ఉంది. ఆ తప్పును మేం చెప్పాలె.

తులసిదళంలో పాప చావు కోరుకునేటోళ్ళు డబ్బుకు ఆశపడిన పెద్దమనుషులు. ఈ మాట నవల దాచదు. కానీ పుస్తకం మూసినంక మనకు గుర్తుండేది వాళ్ళ ముఖాలు కాదు. ఎక్కడి అడవిపల్లె నుంచో తెచ్చిన మంత్రగాడు కాద్రా ముఖం. పన్నాగం పెద్దోళ్ళది, భయం మాత్రం అడివోనిది. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ దిక్కు నల్లమల ఉంది. కథల్లో అడవి అంటే మంత్రగాని తావు. అక్కడి చెంచులకు అడవి అంటే ఇల్లు. వాళ్ళ పిల్లగాడు ఆశ్రమ పాఠశాలలో ఈ నవల చదివితే ఎవరి దిక్కు నుంచి భయపడాలె? పాప తల్లిదండ్రుల దిక్కు నుంచా, కాద్రా దిక్కు నుంచా? మేం చదివినప్పుడు నిస్సందేహంగా ఆ పట్నం ఇంట్ల కూసొని భయపడ్డం. గేరి పిల్లలం, మాకు లేని ఇంట్ల కూసొని, మా అసుంటోని మీద భయపడ్డం. ఇదీ ఆ నవల చేసిన అసలు మాయ.

దీని కర్సు ఎంతో మాకు హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు తెలిసింది. మా గేరిలో ఒక ముసలామె ఉండేది. పేరు రాయం. కానుపులు చేసేది, పసిపిల్లలకు ఆకుపసర్లు పోసేది. మేమంతా ఆమె చేతిల పడ్డోళ్ళమే. ఆ ఏడు వరసగా రెండు మూడు ఇండ్లల్ల పిల్లలకు జరాలొచ్చినయి, ఒక పిల్ల సచ్చిపోయింది. బాణామతి అన్న మాట ఎవరి నోట మొదలు వచ్చిందో తెలియదు. నాలుగొద్దుల్ల ఊరంతా అదే మాట. ఒక మాపటేళ ఆమె గుడిసె ముందర మంది కూడిండ్రు. కొట్టకముందే కొడుకు ఆమెను సైకిలు మీద ఎక్కించుకొని కూతురు ఊరికి తోలుకపోయిండు. మళ్ళ రాలేదు. ఆ మందిల మేం లేము. కానీ అంతకు రెండొద్దుల ముందు ఆమె మమ్మల్ని పిలిచి బెల్లంముక్క ఇయ్యబోతే, మేం ఆమె వేళ్ళ దిక్కు చూసినం. గోర్ల సందుల ఏమన్నా ఉందా అని. బెల్లం తీసుకోలేదు. హాస్టల్ల తులసిదళం చదివిన కండ్లతో మేం ఆమెను చూసినం.

నవల వల్ల ఆమె ఊరిడిసిందని మేం అనం. ఏ నవలా రాకముందే బాణామతి మాట తెలంగాణ పల్లెల్లో ఉంది. చేతబడి చేసిండ్రని అనుమానపడి మనుషుల పండ్లు ఊడగొట్టడం, కొట్టి చంపడం, కాల్చడం ఏండ్లుగా జరిగినయి. నింద ఎక్కువగా పడేది వాడల మీద, ఒంటరి ఆడోళ్ళ మీద, ముసలోళ్ళ మీద, మందుమాకులు తెలిసినోళ్ళ మీద. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇటువంటి అమానుషాల మీద చట్టాలు తెచ్చుకున్నయి. వాటిల కర్ణాటక రాయచూరు దిక్కు పోతే తగిలే రాష్ట్రమే. మేం చెప్పేది చట్టం కంటే ముందుండే సంగతి. "ఎవరు చేసిండ్రు?" అన్న ప్రశ్న అమాయకమైంది కాదు. డాక్టరు లేని ఊర్ల పిల్ల సచ్చిపోతే "వాని పాణం యాడున్నది?" అని అడిగితే జవాబు వేరే దిక్కు పోతది. నీళ్ళు ఎందుకు చెడినయి, దవాఖాన ఎందుకు లేదు అన్న దిక్కు. "ఎవరు చేసిండ్రు?" అని అడిగితే జవాబు తిన్నగా గేరిలకు వస్తది. రహస్య కథ మనకిచ్చే సంబురం అనుమానంలో ఉంది. కథలో ఆ అనుమానం ఆఖరి పేజీతో ఒడుస్తది. ఊర్ల ఆఖరి పేజీ ఉండదు.

ఈ ప్రశ్న ఇంకా మారలేదు. 2023లో వచ్చిన విరూపాక్ష సినిమా చూడండి. మేం రెండుసార్లు చూసినం, భయపడ్డం, హీరో నందిని వెంట తిరుగుతుంటే ముసిముసిగా నవ్వుకున్నం కూడా. 1979లో ఒక ఊరు క్షుద్రపూజల అనుమానంతో ఒక జంటను కాల్చేస్తది. పన్నెండేండ్లకు ఊరి మీద చావులు పడ్తయి. ఇక్కడ నుంచి "ఎవరు చేస్తున్నరు?" మొదలు. కానీ మొదటి చావులు ఎవరు చేసిండ్రు? ఊరంతా కలిసి చేసింది, పట్టపగలంత స్పష్టంగా. ఆ నేరానికి రహస్యమూ లేదు, విచారణా లేదు. అది కథకు ముందుమాట అంతే. పైగా కాలిపోయినోళ్ళ శాపం నిజమై తిరిగొస్తది గనుక ఊరి అనుమానానికి కథే సాక్ష్యం చెప్పినట్టు అయితది. మంది చేసిన హత్యను రహస్య కథ లెక్కల రాయదు. సినిమా బాగా తీసిండ్రు అన్న మాటకూ, ఈ మాటకూ పేచీ లేదు. బాగా తీసిండ్రు కాబట్టే అడగాల్సి వస్తున్నది.

ఇక ప్రేమ. సీరియల్ ప్రేమకు రుచి ఆలస్యంలో ఉంది. ఒక చూపు ఒక వారం, ఒక మాట ఒక వారం. వాళ్ళు కలుస్తరని మనకు తెలుసు, ఎప్పుడు అన్నదే కొస. ఆ నిదానం మాకు తీపి. కానీ ఆ నిదానం ఎవరికి దొరుకుతది? ఆ కథల్లో అబ్బాయి కులం, అమ్మాయి కులం ఎవరూ అడగరు, అడగాల్సిన అవసరం రాదు, ఇద్దరూ ఒకే దిక్కు వాళ్ళు కాబట్టి. మన పిల్లలు ప్రేమిస్తే నిదానంగా ఉండేది దాచుకోవడం ఒక్కటే. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో ప్రణయ్‌ను ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య పక్కనే ఉండగా నరికి చంపిండ్రు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ కథలో "వాళ్ళు కలుస్తరా?" అన్న ప్రశ్న కాదు, కలిసినోళ్ళను బతకనిస్తరా అన్నదే. ప్రేమ నిదానంగా సాగడమంటే పాణానికి పూచీ ఉండడం. రేపు ఉంటదన్న నమ్మకం ఉన్నోళ్ళే ఇయ్యాల మాటను రేపటికి దాచుకుంటరు. అందుకని మెల్లగా కాగే ప్రేమకథ చిల్లర సరుకు అని మేం అనం. మన పిల్ల, మన పిల్లగాడు తొందర లేకుండా, భయం లేకుండా, మూడు వందల పేజీలు ప్రేమించుకునే కథ ఒకటి రావాలె అంటం. అది ఇయ్యాల తీర్చాల్సిన కోరిక.

దళిత సాహిత్యం 1990లలో గొంతెత్తినప్పుడు అనుభవాన్ని ముందర పెట్టింది. 1995లో చిక్కనవుతున్న పాట వచ్చింది. ఆ కవిత్వం చదివే మేం తలెత్తుకున్నం. మా బాధ మేం చెప్పకపోతే ఇంకొకడు చెప్తడు, తప్పు చెప్తడు. అందుకు అనుభవం కావాలె. దానితో మాకు పేచీ లేదు. కానీ అనుభవమే మా సరిహద్దు అని ఇంకెవరో గీత గీస్తే ఒప్పుకోం. భూమి పుట్టక ఆరు నెలల ముందు జాంబవుడు పుట్టిండని చెప్పే జాంబపురాణం మాది. చిందోళ్ళు, డక్కలోళ్ళు దాన్ని మాదిగ గేరిల్ల ఆడి పాడి నిలబెట్టిండ్రు. లోకం కంటే ముందే మేమున్నం అనడానికి ఎంత ఊహ కావాలె! అంత ఊహ ఉన్న జాతికి ఒకడొచ్చి నీకు వాస్తవమే చాలు అంటే, అది సలహా కాదు, కొలత.

చదివే విద్యార్థులకు, చెప్పే టీచర్లకు, తిరిగే కార్యకర్తలకు మా మనవి మూడు మాటలు. మాయకథలను ఇష్టపడుతున్నందుకు పిల్లలను చిన్నబుచ్చొద్దు. వాళ్ళ పక్కన కూసొని, ఈ కథలో ఎవరి దిక్కు నుంచి భయపడుతున్నవ్ బిడ్డా అని అడగండి. బుడగ జంగాల కథ అంటే అరగంట వేదిక కార్యక్రమం పెట్టి శాలువా కప్పి పంపొద్దు. గేరిలో ఏడు రాత్రులు చెప్పించండి, ఏడు రాత్రులూ రికార్డు చేయండి, కూలి ఏడు రాత్రులకూ కట్టియ్యండి. సంగు దిక్కు నుంచి చెప్తే కథ ఎట్లుంటదో వాళ్ళ ఆడోళ్ళనే అడగండి. ఇక రాసేటోళ్ళు రాయండి. గద్వాల కోట కింద, పానగల్ గుట్ట మీద, నల్లమలలో జరిగే రహస్యం. అందులో మన పిల్ల డిటెక్టివు కావాలె. ఊరి మీద చావులు పడితే ఆ పిల్ల గేరి దిక్కు వేలు చూపొద్దు, దవాఖాన దిక్కు, దస్తరం దిక్కు పోవాలె. దారిల ఒకణ్ణి ఇష్టపడాలె, తొందరపడొద్దు.

పోయినేడు ఊరికి పోయినప్పుడు ఆ ముసలామె కొడుకు కలిసిండు. ఆమె కూతురు ఊర్లనే సచ్చిపోయిందట. అక్కడ కూడా కానుపులు చేసిందట, ఆఖరిదాకా. ఆమె మీద నింద ఎవరు వేసిండ్రో ఆయన ఇప్పటికీ అడగలేదు. అడిగి లాభం లేదన్నడు. "అందరు వేసిండ్రు బావా, ఎవర్నని అడగాలె?" అన్నడు. బాలనాగమ్మ అయితే ఆ ప్రశ్న అడగదు. అందరి నోట్ల ఆ మాట పెట్టిన వాని పాణం యాడున్నదో అడుగుతది. ఆ చిలుక ఏ ఒక్క ఇంట్ల లేదు. మేం తీసుకోని బెల్లంముక్కల కూడా ఇంత ఉంది.